మూడో చరణంలో టక్కుమంది!

మా ఇంట్లో రెండు పెట్టెలున్నాయి. ఒకటి నేను సంగీతం నేర్చుకునే రోజుల్లో నాన్న కొనిచ్చిన శ్రుతిపెట్టె. రెండోది మా అమ్మాయి ఇంజినీరింగు చదువు కోసం 2018లో కొన్న ల్యాప్‌టాప్. మొదటిదాని తిత్తి చిరిగితే పావుగంటలో అతుకు వేయించుకొచ్చాను. రెండోదానికి ఎక్కడ చిరిగిందో తెలుసుకోవడానికి మాత్రం నెలకి పైగా పట్టింది. మధ్యలో మావారితో ఒక దెబ్బలాట కూడా అయింది.

మాది విజయనగరం. ఇంటి దగ్గర పిల్లలకి గాత్రం చెబుతాను. 1919లో మొదలైన మా ఊరి సంగీత కళాశాలలోనే డిప్లొమా చేశాను. (ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీ అని చెప్పకుండా మా ఊరివాళ్లం సంగీతం ఊసెత్తం. నేనూ చెప్పేశాను కనక ఇక అసలు సంగతికొస్తాను.) 2020లో కరోనా వచ్చి పిల్లలు రావడం మానేశారు. అమ్మాయికి ఆఫీసువాళ్లు వేరే ల్యాప్‌టాప్ ఇవ్వడంతో ఈ పాతది నా ఒళ్లోకి వచ్చింది. వీడియోలో పాఠాలు చెప్పాను. సాధన చేసుకోవడానికి రికార్డు చేసి పంపాను. అలా అలా గొంతు ఒక ట్రాకులో, తంబురా ఒక ట్రాకులో, తాళం మరో ట్రాకులో పెట్టి కలపడం వచ్చేసింది. పెళ్లయిన కొత్తలో వంట నేర్చుకున్నట్టే నేర్చుకున్నాను. అంటే మాడ్చుకుంటూ!

2023లో ఆ కలపడమే నాకొక సంపాదన అయింది. మా ఊళ్లో కూచిపూడి నేర్పే టీచరుగారొకరు, డిసెంబరులో తన శిష్యురాలి రంగప్రవేశం ఉందనీ, నాలుగు అంశాలకి పాటలు రికార్డు చేసిపెట్టమనీ అడిగారు. అంతకుముందు ఆవిడ విశాఖపట్నంలో స్టూడియోకి వెళ్లేవారు. అక్కడ గంటల లెక్కన అద్దె. "మీరైతే ఇంట్లోనే చేస్తారు, నాలుగు మార్పులు చెప్పినా విసుక్కోరు" అంటూ పదివేలు అడ్వాన్సు చేతిలో పెట్టారు. నెలనెలా ఫీజులు వందల్లోనే లెక్కపెట్టుకునే చేతికి ఒక్కసారిగా పదివేలు! ఆ రోజు సాయంత్రం రాగాలాపన మామూలుకంటే కాస్త ఎక్కువసేపే సాగింది.

మొదటి నాలుగైదు ట్రాకులదాకా బాగానే నడిచింది. మృదంగం, వయొలిన్, నట్టువాంగం వచ్చి చేరాక మొదలైంది గొడవ. పల్లవి బాగుంటుంది. అనుపల్లవి బాగుంటుంది. మూడో చరణంలో "టక్" మంటుంది. మళ్లీ పాడతాను. ఈసారి ఇంకోచోట "టక్". ఒక్కోసారి పాట అర క్షణం ఆగి మళ్లీ అందుకుంటుంది. డాన్సుకి అర క్షణమంటే మాటలా? అడుగు పడాల్సినచోట శబ్దం ఉండదు. పైగా హెడ్‌ఫోన్స్‌లో నా గొంతు నాకే ఆలస్యంగా వినిపించేది, ఎదురింటి డాబా మీంచి ఎవరో నన్ను వెక్కిరిస్తున్నట్టు.

"సార్‌ని తీసుకురండి మేడం"

ల్యాప్‌టాప్‌ని సంచీలో పెట్టుకుని బజార్లో ఒక షాపుకి వెళ్లాను. కౌంటర్లో అబ్బాయి మూత తెరవలేదు. ఏం జరుగుతోందని అడగనూ లేదు. "ఐదేళ్ల మోడల్ మేడం. మ్యూజిక్కంటే హెవీ వర్కు. దీంతో అవ్వదు. గేమింగ్‌ది తీసుకోండి, గ్రాఫిక్స్ కార్డు ఉంటాది" అన్నాడు. డెబ్భై ఐదు వేలట. ఎన్ని ట్రాకులు పెడుతున్నానో, ఎక్కడ ఆగుతోందో చెప్పబోయాను. "సార్‌ని ఒకసారి తీసుకురండి మేడం, సార్‌కి చెబుతాను" అన్నాడు.

మా సార్ రిటైరైన లెక్కల మాస్టారు. ఫోన్లో ఫొటో పంపాలన్నా నన్నే పిలుస్తారు. అయినా చెప్పాలి కదా, ఇంటికొచ్చి చెప్పాను. "పదివేల పనికి డెబ్భై ఐదు వేల పెట్టుబడా? అడ్వాన్సు తిరిగిచ్చెయ్" అన్నారు. లెక్క తప్పని నేననలేను. తప్పు కాదు కనకనే మరీ ఒళ్లు మండింది. రెండు రోజులు మా ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు.

ఇంతలో పైడితల్లమ్మ సిరిమాను పండగొచ్చింది. ఎక్కడెక్కడి మా ఊరివాళ్లూ ఇంటికి చేరే పండగది. అలా వచ్చింది నా పాత శిష్యురాలు ఒకమ్మాయి. నా దగ్గర వర్ణాలదాకా నేర్చుకుని, తర్వాత హైదరాబాద్‌లో సౌండు రికార్డింగు పనిలో స్థిరపడింది. నా గోడు విని ల్యాప్‌టాప్ ముందుకి లాక్కుంది. "టీచర్, డబ్బు పెట్టేముందు ఇది ఎక్కడ ఊపిరాడక కొట్టుకుంటోందో చూద్దాం" అంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కింది. టాస్క్ మేనేజర్ అని ఒక పట్టిక తెరుచుకుంది. "ఇప్పుడు మీ పాట నడిపించండి" అంది. పాట నడుస్తుంటే ఇద్దరం అంకెలు చూశాం. ప్రాసెసర్ నూటికి 30, 35 మధ్య ఊగుతోంది. మెమరీ 94. డిస్కు మాత్రం 100కి అంటుకుపోయి కిందికి దిగనంటోంది.

"వంటమనిషి ఖాళీగానే ఉంది టీచర్. వంటగట్టే చాలట్లేదు. సామానంతా అటకెక్కించారు" అని నవ్వింది.

ఆ ముక్క నాకు చటుక్కున ఎక్కింది. మీకూ చెబుతాను. ప్రాసెసర్ అంటే వంట చేసే మనిషి. ర్యామ్ అనే మెమరీ వంటగట్టు. హార్డ్ డిస్కు అటక. నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీ. విండోస్ తన గిన్నెలు తాను పరుచుకునేసరికే సగానికి పైగా గట్టు నిండిపోతుంది. వీణ, వేణువు లాంటి వాయిద్యాల శబ్దాలు ముందే రికార్డు చేసి అమ్మే లైబ్రరీలున్నాయి కదా, అవి వాడితే ఒక్కో వాయిద్యమూ గట్టుమీద బోలెడు చోటు అడుగుతుంది. చోటు లేనప్పుడు కంప్యూటర్ కొంత సామాను తీసి డిస్కుమీద పెడుతుంది. కావలసినప్పుడల్లా మళ్లీ అటకెక్కి దింపుతుంది. నా డిస్కు పాతరకంది, నిమిషానికి 5,400 సార్లు గిరగిరా తిరిగే పళ్లెం. చదివే ముల్లు దానిమీద అటూ ఇటూ జరగాలి. పది ట్రాకులంటే పదిచోట్లకి జరగాలి. అంత పరుగులోనూ ఒక్కసారి ఆలస్యమైతే, అదే మన "టక్".

ఇక ఆ షాపబ్బాయి చెప్పిన గ్రాఫిక్స్ కార్డు బొమ్మలు గీసే పనికీ, ఆటలకీ. పాటలు కలిపే బరువంతా దాదాపుగా మోసేది ప్రాసెసరే. నాది ఎనిమిదో తరం ఐ5, నాలుగు కోర్లది, నా పనికి సరిపోతుంది. అదే గనక 90 దాటి కొట్టుకుంటూ ఉంటే, అప్పుడు షాపబ్బాయి మాట నిజమయ్యేది. ఎందుకంటే ఇలాంటి ల్యాప్‌టాపుల్లో ప్రాసెసర్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడం కుదరదు.

అత్తయ్యగారి పాటలు

ఇదంతా చెబుతూ చెబుతూ ఆ అమ్మాయి ఉన్నట్టుండి ఆగింది. ల్యాప్‌టాప్ దగ్గర చెవి పెట్టి వింది. "టీచర్, ఈ కటకట ఎన్నాళ్లనుంచి?"

నేను ఫ్యాను చప్పుడనుకున్నాను.

"ఇంకెక్కడా కాపీ లేనివి ఇందులో ఏమున్నాయి?"

నాకు కాళ్లు చల్లబడ్డాయి. మా అత్తయ్యగారు పాడిన పాటలు 27 అందులోనే ఉన్నాయి. గొబ్బి పాటలు, మంగళహారతులు, తలంటు పాట, అప్పగింతల పాటలు. ఆవిడ ఎక్కడా రాసుకోలేదు. 2021 సంక్రాంతి ముందు మధ్యాహ్నాలు బియ్యం చెరుగుతూ పాడారు. మైకు కనిపిస్తే ఆవిడ గొంతు బిగుసుకుపోయేది. "ఆ ముక్కుపుల్ల నాకు కనిపించకుండా పెట్టవే" అనేవారు. చేట వెనకాల దాచి రికార్డు చేశాను. ఆ ఏడు వానాకాలంలో ఆవిడ వెళ్లిపోయారు. పాత గ్యాసు రసీదులు కూడా పారెయ్యకుండా దాచే మనిషిని, రెండేళ్లపాటు ఆ పాటలకి ఒక కాపీ తీసుకోలేదు చూడండి.

ఆ రాత్రి డాన్సు పాటలూ లేవు, రంగప్రవేశమూ లేదు. వాళ్ల తమ్ముడి దగ్గర్నుంచి బయట తగిలించే డిస్కు తెప్పించింది. ముందుగా అత్తయ్యగారి ఫోల్డరే కాపీ మొదలెట్టింది. ఇంకే ప్రోగ్రామూ తెరవద్దంది, మళ్లీ మళ్లీ ఆన్ చేసి ఆపొద్దంది. తొమ్మిదింటికి మొదలెడితే తెల్లవారుఝామున అయింది. మావారు కూడా కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. వాళ్లమ్మ గొంతు కదా. దెబ్బలాట ఎప్పుడు ముగిసిందో ఇద్దరం గమనించలేదు.

25 పాటలు వచ్చాయి. రెండు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించమని నేను బతిమాలాను. వద్దంది. పాడైన డిస్కుని పదేపదే తిప్పితే, అందులోంచి డేటా బయటికి తీసే నిపుణులకి కూడా ఏమీ మిగలదట. ఆ డిస్కుని ఒక గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. మీ కంప్యూటర్‌లో కటకట వినిపిస్తే, మార్పులూ చేర్పులూ తర్వాత. ముందు కాపీ తీసుకోండి, పోతే మళ్లీ రానివి మొదట.

చీటీ పట్టుకుని

మర్నాడు అదే షాపుకి వెళ్లాను, ఈసారి చీటీతో. "ల్యాప్‌టాప్ ర్యామ్, డీడీఆర్4, ఎనిమిది జీబీవి రెండు, ఒకే జత. ఎస్‌ఎస్‌డీ 500 జీబీ, సాటా, రెండున్నర అంగుళాలది." ఆ అబ్బాయి చీటీ చదివి నా మొహం చూశాడు. "ఎవరు రాసిచ్చారు మేడం?" అన్నాడు. "మా స్టూడెంటు" అన్నాను. సార్ ప్రసక్తి రాలేదు.

చీటీలో ప్రతి ముక్కా ఎందుకుందో చెప్పాలి. ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని రకాలున్నాయి. ఒకదాని గాటు ఒకచోట, రెండోదానిది ఇంకోచోట, ఒకదానికి బదులు ఇంకోటి దూరదు. బల్లమీది కంప్యూటర్‌కి పొడుగుది, ల్యాప్‌టాప్‌కి పొట్టిది. కొన్ని పల్చటి ల్యాప్‌టాపుల్లో ర్యామ్ కూడా అతికించే ఉంటుంది, పెంచలేం. మీ మోడల్ నంబరుతో కంపెనీ వివరాలు చూసి, ఎన్ని గాళ్లున్నాయో, ఎంతవరకు పెంచొచ్చో తెలుసుకున్నాకే డబ్బు తియ్యండి. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, ముల్లు లేదు, చప్పుడసలే లేదు. పాత డిస్కు సెకనుకి 100 ఎంబీ చదవడమే గొప్ప, అదీ ఒకే వరుసలో ఉంటే. సాటా ఎస్‌ఎస్‌డీ 500 దాకా చదువుతుంది. ఎన్‌వీఎంఈ అనే రకం ఇంకా కొన్ని రెట్లు వేగం గానీ, దానికి బోర్డుమీద వేరే గాడి ఉండాలి. నాలాంటివాళ్ల పదీ పదిహేను ట్రాకులకి సాటా చాలు.

500 జీబీ సరిపోతుందా అని నాకూ అనుమానం వచ్చింది. మామూలు నాణ్యతలో, అంటే సెకనుకి 44,100 ముక్కలు, 24 బిట్లు చొప్పున రికార్డు చేస్తే ఒక ట్రాకు నిమిషానికి 8 ఎంబీ లోపే. పది ట్రాకుల ఏడు నిమిషాల పాట 560 ఎంబీ. మావారు వేలు మడిచి లెక్కవేసి, "నీ జన్మంతా పాడుకో" అన్నారు. కొందరు గొప్పకోసం 96,000 పెడతారు. బరువు రెట్టింపుకి పైగా అవుతుంది, మన ఇంటి గదిలో తేడా చెవికి ఆనదు.

మూడింటికీ కలిపి నాకు 2023లో ఏడు వేల చిల్లర అయింది. మెమరీ ధరలు బంగారంలా మారుతుంటాయి, కొనే రోజున కనుక్కోండి. నా శిష్యురాలే భోజనాల బల్లమీద గుడ్డ పరిచి, స్క్రూలన్నీ ఇడ్లీ పళ్లెంలో గుంటకి కొన్ని చొప్పున పెట్టి మార్చేసింది. లోపల ఫ్యానుమీద దుమ్ము ఉలెన్ దారంలా పేరుకుపోయి ఉంది. నేను పరుపుమీద పెట్టి పాడేదాన్ని కదా, గాలి ఆడక ఒళ్లు కాలేది. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఒక చెక్క పీట దానికే కేటాయించాను.

కొత్తగా విండోస్ ఎక్కించాక, ఇంతకుముందు కాఫీ కలుపుకుని వచ్చినా తెరుచుకోనిది, స్టవ్ వెలిగించేలోగా తెరుచుకుంది. పాట మొదలెట్టాం. డిస్కు అంకె 5 దాటలేదు. కానీ నిమిషానికోసారి ఇంకా చిన్న "టిక్" వినపడుతూనే ఉంది! నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ అమ్మాయి వైఫై ఆపింది. టిక్ పోయింది. కొన్ని ల్యాప్‌టాపుల్లో వైఫై పనిచేయించే సాఫ్ట్‌వేర్ మధ్యమధ్యలో ప్రాసెసర్‌ని నిలబెట్టి మాట్లాడుతుందట, అచ్చం మనం పాడుతుంటే పక్కింటావిడ పిలిచినట్టు. ఇప్పుడు రికార్డింగు ముందు వైఫై ఆపుతాను, చార్జరు పెడతాను, పవర్ సెట్టింగులో ఎక్కువ పనితనం అనేదాన్ని ఎంచుకుంటాను. దీనికి పైసా ఖర్చు లేదు.

నా గొంతు నన్ను వెక్కిరించడం మిగిలింది. దానికి మందు బఫర్ అనే అంకెలో ఉంది. పెళ్లి పంక్తిలో వడ్డన ఊహించుకోండి. సాంబారు తెచ్చే మనిషి చేతిలో చిన్న గిన్నె ఉంటే వెంటనే వస్తాడు గానీ మాటిమాటికీ వంటశాలకి పరుగెత్తాలి. ఒకసారి ఆలస్యమైతే విస్తరి ఖాళీ, అంటే "టక్". పెద్ద గిన్నె అయితే ఖాళీ అవదు గానీ, అది నిండి మన దగ్గరకొచ్చేదాకా కూర్చోవాలి. ఆ గిన్నె సైజే బఫర్. నా కంప్యూటర్ టక్కుమనకుండా ఉండాలని నేను 1,024 పెట్టాను. అది 23 మిల్లీ సెకన్లు. గొంతు లోపలికి వెళ్లి, మళ్లీ చెవికి రావాలి గనక రెట్టింపు, 46. గాలిలో ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే నా పాటని పదహారు మీటర్ల అవతలినుంచి వింటూ పాడుతున్నట్టు! కచేరీలో మృదంగం విద్వాంసుణ్ణి అంత దూరాన కూర్చోబెడితే ఏమవుతుందో ఆలోచించండి. 128 పెడితే రానూపోనూ ఆరే మిల్లీ సెకన్లు, రెండు మీటర్లు. పక్కనే కూర్చున్నట్టు. మిగతా చిన్నాచితకా ఆలస్యాలు కలిసినా పాడుకోవచ్చు.

అయితే ల్యాప్‌టాప్‌లో పుట్టుకతో వచ్చే సౌండు చిప్పు 128కి తట్టుకోలేకపోయింది. అందుకని మైకు పెట్టుకునే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ఒకటి, సెకండ్ హ్యాండుది, ఆరు వేలకి తీసుకున్నాను. దాని సొంత డ్రైవరుతో శబ్దం విండోస్ చుట్టుదారి తిరక్కుండా అడ్డదారిన వస్తుంది. పైగా కంప్యూటర్‌లోకి వెళ్లకుండానే నా గొంతు నేను వినే మీట దానిమీదే ఉంది. పాడేటప్పుడు 128, కలిపేటప్పుడు తిరిగి 1,024. కలిపేటప్పుడు ఆలస్యమైతే నష్టం లేదు, అప్పుడెవరూ పాడట్లేదు కదా.

ఇంకొక కిటుకు. పని అయిపోయిన ట్రాకుని "ఫ్రీజ్" చేసేయొచ్చు. వీణ లైబ్రరీ, దానిమీద వేసిన ఎఫెక్టులూ అన్నీ కలిపి ఒక మామూలు రికార్డింగుగా మారిపోతాయి, బరువు దిగిపోతుంది. మళ్లీ మార్చాలంటే కరిగించుకోవచ్చు. ఈ సంగతి ముందే తెలిసుంటే పాత ల్యాప్‌టాప్‌తోనే రెండు పాటలు లాగేదాన్నేమో. ఇక షాపుల్లో "క్రాక్ వెర్షన్ వేసిపెడతాం మేడం" అనేవాళ్లుంటారు. వైరస్ ఫ్రీగా వస్తుంది, వద్దనండి. ఆడాసిటీ పూర్తిగా ఉచితం. రీపర్‌ని 60 రోజులు వాడి చూసి కొనుక్కోవచ్చు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. నాది ఎనిమిదో తరం కావడంతో విండోస్ 11కి అర్హత ఉంది, మార్చుకున్నాను. అంతకంటే పాత తరం ప్రాసెసర్ల యంత్రాలు చాలావరకు ఆ జాబితాలో లేవు. వాటికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కొనేముందు ఆ సంగతి కూడా చూసుకోండి.

డిసెంబరులో రంగప్రవేశం జరిగింది. నేను ముందువరసలో కూర్చుని, డాన్సు చూడ్డం మానేసి మూడో చరణాల కోసం చెవులు రిక్కించి విన్నాను. ఎక్కడా టక్కుమనలేదు. మిగతా డబ్బు ముట్టిన రోజున మావారు కాగితంమీద పెట్టుబడి, రాబడి రాసి, నాకు కనిపించేలా ఫ్రిజ్‌మీద పెట్టారు. ఏమీ అనలేదు.

రాని రెండు పాటల సంగతి చెప్పలేదు కదూ. ఒక మంగళహారతి నాకు వచ్చు, పాడి పెట్టేశాను. రెండోది అప్పగింతల పాట. పల్లవి తప్ప నాకు గుర్తులేదు. 2024 సంక్రాంతికి బొబ్బిలి నుంచి మా ఆడపడుచు వచ్చింది. "నాకొచ్చు వదినా, నా పెళ్లిలో అమ్మ పాడింది కదా" అంది. మైకు ముందు కూర్చోబెట్టేసరికి ఆవిడా బిగుసుకుపోయింది. వెళ్లి చేట తెచ్చి అడ్డం పెట్టాను. హెడ్‌ఫోన్స్‌లో ముందు అత్తయ్యగారి గొబ్బి పాట ఒకటి వినిపించి, అదే శ్రుతిలో అందుకోమన్నాను. రెండు చరణాలు పాడింది. మూడో చరణంలో ఆగిపోయింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఆగిన మాట దగ్గరే మళ్లీ అందుకుంది. ఆ మధ్యలోనే వంటింట్లో కుక్కరు కూడా కూసింది. దాన్ని తీసెయ్యడం నాకు తెలుసు, తీసెయ్యలేదు. ఆ రాత్రే రెండు చోట్ల కాపీ పెట్టి పడుకున్నాను.